చక్రవర్తి సిరా, అవ్వ చూపుడువేలు

రాజు తప్ప మరెవరూ ముట్టకూడదన్న ద్రవం పేరు ‘ఇంకు’. అది చివ్వెంల ఓటరు గోటి దాకా వచ్చిన దారి ఇది.

సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలంలో ఏ ఊరి బడిలో పోలింగ్ జరిగినా బల్లల వరుస ఒక్కతీరుగానే ఉంటుంది. మొదటి బల్ల దగ్గర జాబితాలో పేరు వెతికి, ఏజెంట్లకు వినపడేలా చదువుతారు. తర్వాతి బల్ల మీద రెండు సిరాలుంటాయి. ఒకటి రేకు డబ్బాలో, మెత్తని దిండుకు పట్టించిన ఊదారంగు స్టాంపు సిరా. సంతకం రానివాళ్ల బొటనవేలికి అది. రెండోది బుల్లి సీసాలో ఉంటుంది. పుల్ల ముంచి, ఎడమచేతి చూపుడువేలి గోటి పైనుంచి మొదటి కణుపు దాకా గీత గీస్తారు.

“అవ్వా, ఎడమ చెయ్యి ఇటు వెట్టు.”

బొటనవేలి సిరా తుడుచుకోవడానికి తడిగుడ్డ అందుబాటులో ఉంచాలని అధికారుల చేతిపుస్తకం చెబుతుంది. చూపుడువేలి సంగతి వేరు. ఆ గుర్తును చెరిపే ప్రయత్నం ఎవరు చేసినా వాళ్లను ఓటు వేయనివ్వకూడదన్నది నిబంధన. ఒకే బల్ల, ఒకే మనిషి, పక్కపక్క వేళ్లు. ఒక సిరాను తుడుచుకొమ్మంటారు, ఇంకొకదాన్ని ముట్టుకోవద్దంటారు. మొదటిదానికి మన ఊళ్లలో పెద్ద కథే ఉంది. రెండోదాన్ని చూశాకే ‘ఇంకు’ అన్న మాట నాకు పూర్తిగా అర్థమైంది.

ఇంగ్లిషువాళ్లు ఆ మాటను పాత ఫ్రెంచి నుంచి తీసుకున్నారు. ఫ్రెంచికి అది లాటిన్ ‘ఎంకాస్టుమ్’ నుంచి వచ్చింది. లాటిన్‌కు గ్రీకు నుంచి. గ్రీకులో ‘ఎన్’ అంటే లోపలికి, దాని పక్కనున్న ధాతువుకు కాల్చడమని అర్థం. రెండూ కలిస్తే కాల్చి లోపలికి దించినది. రంగు కలిపిన మైనాన్ని వేడిచేసి చెక్క పలకకు పట్టించే చిత్రకళను కూడా అదే మాటతో పిలిచేవారు.

రోమన్లు మామూలు రాతకు వాడింది మసితో చేసిన నల్ల సిరానే. దాని పేరు ‘ఆత్రామెంటుమ్’, అంటే నల్లది. ‘ఎంకాస్టుమ్’ దారి వేరు. అది చక్రవర్తి సంతకానికి వాడే ఎర్రని ఊదారంగు ద్రవం, సముద్రపు నత్తల నుంచి తీసిన రంగును ఉడికించి చేసేది. క్రీ.శ. 470లో లియో చక్రవర్తి దాని మీద శాసనమే చేశాడు. రాజాజ్ఞ మీద సంతకం ఆ రంగులోనే ఉండాలి, ఆ సిరాను మరెవరూ తయారుచేయకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. తర్వాతి శతాబ్దాల్లో కాన్‌స్టాంటినోపుల్ కొలువులో చక్రవర్తి సిరాబుడ్డిని కాపాడటానికే ఒక పెద్ద అధికారి ఉండేవాడు.

జనం రాసుకున్న నల్ల సిరా పేరు ఇంగ్లిషులో నిలవలేదు. రాజు దాచుకున్న సిరా పేరే నిలిచింది. ఇటాలియన్‌లోనూ అదే మిగిలింది. మధ్యయుగాల్లో మాచికాయ, ఇనుప లవణం కలిపి చేసే సిరా యూరప్ అంతటా వ్యాపించినప్పుడు పాత రాజరికపు పేరు దానికి అంటుకుంది. తోలుపత్రాన్ని కొరుక్కుంటూ లోపలికి దిగే గుణం దానికి ఉంది కనుక పేరు సరిగ్గానే అమరింది.

రోము మాట చివ్వెంలకు మరీ దూరపుది కాదు. మన సూర్యాపేట జిల్లాలోనే ఫణిగిరి బౌద్ధ స్థలం తవ్వకాల్లో రోమన్ బంగారు నాణెం బయటపడింది.

మసి, పసరు, సూది

మన దగ్గర సిరాకున్న పేర్లలో నలుపే వినిపిస్తుంది. తెలుగులో మసి, సంస్కృతంలో మషి. నిజాం కాలపు కచేరీల ఉర్దూలో సియాహీ, పారశీకంలో సియాహ్ అంటే నల్లన. బుడ్డిని దవాత్ అనేవారు, కలాన్ని ఖలమ్ అనేవారు. ఇంటి దగ్గర సిరా చేసే పద్ధతి మా తాతల తరానికి బాగా తెలుసు. ఆముదపు దీపం మీద మూకుడు బోర్లిస్తే పట్టిన మసిని గీకి, తుమ్మబంక నీళ్లలో గంటల తరబడి నూరేవారు. మసి నీళ్లలో కరగదు. బంక దాన్ని అడుగుకు దిగకుండా పట్టి ఉంచుతుంది, ఆరాక కాగితానికి అంటిస్తుంది. నల్లతుమ్మకు ఈ మెట్టనేలల్లో ఎన్నడూ కరువు లేదు. ఇంకో రకం కరక్కాయ సిరా. కరక్కాయల కషాయంలో అన్నభేది కలిపితే కాయలోని వగరు, ఇనుము జతకలిసి నల్లబడతాయి. రాసినప్పుడు పలచగా కనిపించి, గాలి తగిలేకొద్దీ చిక్కబడుతుంది. ఏళ్లు గడిస్తే కాగితాన్నే తినేస్తుంది. యూరప్ మాచికాయ సిరాకు ఇది తోబుట్టువు. తర్వాత బడిపిల్లల కోసం ఇంకు బిళ్లలొచ్చాయి. దండేకర్ల కామ్లిన్ సంస్థ 1931లో బొంబాయిలో గుర్రం మార్కు సిరా పొడితో, బిళ్లలతోనే మొదలైంది.

ఇవన్నీ కాగితం వచ్చాక మాటలు. అంతకుముందు తెలుగువాళ్లు సిరాతో రాయలేదు. తాటాకు మీద రాసేది గంటం. మొన ఆకు పైపొరను చీలుస్తూ పోతుంది. రాసేటప్పుడు అక్షరం సరిగ్గా కనబడదు కూడా. ఆకంతా రాశాక మసిలో ఆకుపసరు కలిపి పైన రుద్ది, గుడ్డతో తుడిస్తే గాట్లలో దిగిన నలుపు మాత్రం నిలుస్తుంది. గాటు ముందు, సిరా తర్వాత. చదివేవాడి కోసమే సిరా, రాసేవాడికి దాని అవసరం లేదు.

పచ్చబొట్టుదీ ఇదే పద్ధతి. ఎరుకల స్త్రీలు ఊరూరా తిరుగుతూ సూదులతో పొడిచి, మసి, పసరు కలిపిన ముద్దను ఆ పోట్లలో రుద్దేవారు. చర్మం కింద చేరిన నలుపు పైకి పచ్చగా కనబడుతుంది, అందుకే ఆ పేరు. చదువు దగ్గరికి రానివ్వని కులాల ఆడవాళ్ల ముంజేతుల మీద తాటాకు గ్రంథాల్లో వాడిన సిరాయే ఉండేది. ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా నా మనసు అక్కడే ఆగిపోతుంది. గ్రంథం ముట్టకూడదన్న మనిషి ఒంటి మీదే గ్రంథపు సిరా, అదీ చచ్చేదాకా పోనిది.

చివ్వెంల మండలంలోని దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి మాఘమాసంలో పెద్దగట్టు జాతర జరుగుతుంది. కేసారం నుంచి దేవరపెట్టె కదిలి వస్తుంది. ‘ఓ లింగా, ఓ లింగా’ అంటూ లక్షల మంది గుట్టెక్కుతారు. హైదరాబాద్–విజయవాడ హైవే మీద బండ్లను దారి మళ్లించాల్సి వస్తుంది. లింగమంతుల స్వామి, చౌడమ్మల ఈ జాతర గొల్లలది, జీవాలు కాసేవాళ్లది. కథ, పాట, మొక్కు అన్నీ నోటి మీదే తరాలు దాటాయి.

సూర్యాపేటకు ఆనుకుని ఉన్న పిల్లలమర్రిలో ఇంకో లోకం కనిపిస్తుంది. రేచర్ల రెడ్ల గుళ్లలో 1195, 1208 నాటి శాసనాలున్నాయి. పిల్లలమర్రి ఇంటిపేరుతో వెలిగిన కవి పినవీరభద్రుడు. ఆయన జైమినీ భారతాన్ని గడువు దగ్గరపడేదాకా మొదలే పెట్టకపోతే, తలుపులు వేసిన గదిలో రాత్రికి రాత్రి సరస్వతే వచ్చి రాసిపెట్టిందని కథ చెప్పుకుంటారు. రాయి మీద ఉలి, ఆకు మీద గంటం, ఒంటి మీద సూది. పెద్దగట్టుకూ పిల్లలమర్రికీ నడుమ దూరం తక్కువే. రాతకు దగ్గరైనవాళ్లకూ దూరమైనవాళ్లకూ మధ్య దూరం మాత్రం ఏడెనిమిది వందల ఏళ్లు తగ్గలేదు.

నిశాని

కాగితం, సిరా ఊరికి చేరినప్పుడు అవి పట్వారీ చేతిలో చేరాయి. దస్తరం ఉర్దూలో. భూమి ఎవరిదో, దున్నేది ఎవరో, శిస్తు ఎంతో ఆ రాతను బట్టే తేలేది. పహాణీలో పట్టాదారు కాలమ్ ఒకటి, అనుభవదారు కాలమ్ ఇంకొకటి. తరాలుగా నాగలి పట్టినవాడి పేరు రెండింట్లో ఎక్కడా ఉండకపోవచ్చు. తన పేరు ఉందో లేదో చూసుకునే చదువూ అతనికి ఉండదు. అప్పు కాగితం మీద ఏముందో చదివి చెప్పేది అప్పిచ్చిన దొర మనిషే. చివరికి బొటనవేలిని సిరాలో అద్ది కాగితానికి నొక్కేవాళ్లు. ‘నిశాని పెట్టు’ అనేవాళ్లు. ఆ ఒక్క నొక్కుతో ఎకరాలు పోయాయి, పిల్లలు వెట్టికి పోయారు.

పోలింగ్ బల్ల మీద ఊదారంగు దిండును చూస్తే నాకు గుర్తొచ్చేది ఆ నొక్కే. తడిగుడ్డతో వేలు శుభ్రమవుతుంది, కాగితం మీద ముద్ర మాత్రం ఉండిపోతుంది. తెలంగాణ పల్లెల్లో సాదాబైనామాల కథ ఇప్పటికీ తెగలేదు. తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు, ఇద్దరు సాక్షులు, అమ్మినవాడి వేలిముద్ర. డబ్బు చేతులు మారింది, కొన్నవాడు దున్నుకుంటూనే ఉన్నాడు, పట్టా మాత్రం పాత పేరు మీదే. 2020లో వచ్చిన ధరణి భూరికార్డుల్లో అనుభవదారు కాలమ్ పోయింది. అలాంటి రైతు చేతిలో మిగిలింది వెలిసిపోయిన ఆ తెల్ల కాగితమే.

ఆ సిరా మీద తిరుగుబాటు ఈ నేలలోనే లేచింది. అంతకుముందే సిరాను జనం వైపు తిప్పే పని మొదలైంది. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నల్లగొండ నుంచి ‘నీలగిరి’ పత్రిక నడిపారు. నవీస్ అంటే పారశీకంలో రాసేవాడు. 1941లో ఇప్పటి కోదాడ నియోజకవర్గంలోని చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగింది. ఆ సభతో మొదలైన మాట అయిదేళ్లలో గుతపల (కర్రల) సంఘాలైంది. 1946 నుంచి సాగిన సాయుధ పోరాటంలో సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాల ఊళ్లు ముందు వరసలో నిలిచాయి. గడీల మీద పడ్డ జనం ధాన్యం కొట్లతో పాటు అప్పు పత్రాల కోసం వెతికారు. కుప్పపోసి అంటించారు. తమకు చదవడం రాని కాగితాల్లో ఏవి తమను కట్టేశాయో వాళ్లకు చెప్పాల్సిన అవసరం రాలేదు.

1952: రాత లేని ఓటు

1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వెలువడింది. నెలల్లోనే ఇక్కడ దేశపు మొదటి సాధారణ ఎన్నిక పోలింగ్ వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో కమ్యూనిస్టులు ప్రజాస్వామిక ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. అప్పటి ప్రధాని నెహ్రూకు వచ్చిన ఓట్లు అంతకన్నా తక్కువ. సూర్యాపేట నుంచి బొమ్మగాని ధర్మభిక్షం శాసనసభకు వెళ్లారు.

ఆ ఎన్నికలో బ్యాలెట్ మీద ఓటరు ఏ గుర్తూ పెట్టలేదు. అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద అతని గుర్తు. నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే. రాయడం, చదవడం, నిశాని పెట్టడం ఏదీ అక్కర్లేదు. నూటికి పది మందికి కూడా చదువు లేని రాష్ట్రంలో ఆ పద్ధతికి తిరుగులేదు. అంటే 1952లో చివ్వెంల వైపు గొల్లాయనకో మాదిగామెకో ఓటు వేసే పనిలో తగిలిన సిరా చూపుడువేలి మీదిదే. అప్పటిదాకా బొటనవేలు సిరాను తాకిన ప్రతిసారీ ఏదో ఒకటి చేజారింది. ఈసారి సిరా తాకిన వేలు ఒక దొరను ఓడించగలిగింది.

నా దృష్టిలో తెలంగాణలో సిరా చరిత్రను రెండు ముక్కలు చేసిన రోజు అదే. పత్రికలు పుట్టిన రోజు కన్నా, అచ్చుయంత్రాలు దిగిన రోజు కన్నా అది పెద్దది. ఒక్క సిరా చుక్క లక్ష మెదళ్లకు కదలిక అని కవి కాళోజీ చెప్పిన మాట మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. ఆ మాట అక్షరం గురించి. అక్షరం రానివాళ్లకు దక్కిన సిరా చుక్క గురించి ఎవరో ఒకరు చెప్పాలి.

దేశమంతటా ఆ ఎన్నికకు 3,89,816 సిరా సీసాలు వాడారు. ఒకరే రెండుసార్లు ఓటు వేయకుండా ఆపడానికి మన శాస్త్రవేత్తలు రూపొందించిన ద్రవం అది. 1962 సాధారణ ఎన్నికల నుంచి దాన్ని మైసూరు పెయింట్స్ సరఫరా చేస్తోంది. 1937లో మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు లక్క, రంగుల కోసం పెట్టించిన కర్మాగారమే తర్వాత కర్ణాటక ప్రభుత్వ సంస్థ అయింది. ఈ సిరా జాతీయ భౌతిక ప్రయోగశాల సూత్రంతో తయారవుతుంది, పూర్తి మిశ్రమం ఇప్పటికీ రహస్యమే. 10 మిల్లీలీటర్ల సీసా ఒకటి దాదాపు 700 మంది వేళ్లకు వస్తుందంటారు. హైదరాబాద్‌లోని రాయుడు లేబొరేటరీస్ కూడా ఇలాంటి సిరాను చేసి ఆఫ్రికా దేశాలకు పంపింది. పల్స్ పోలియో రోజు మన పిల్లల ఎడమచేతి చిటికెనవేలి మీద పెట్టే చుక్క కూడా ఈ కుటుంబానికి చెందినదే.

ఆ సీసాలో పనిచేసేది సిల్వర్ నైట్రేట్, వెండి లవణం. చర్మం మీద చెమట ఉప్పు ఉంటుంది. వెండి ఆ ఉప్పుతో కలిసి సిల్వర్ క్లోరైడ్‌గా మారుతుంది. అది నీటికి కరగదు, సబ్బుకు లొంగదు. వెలుతురు సోకేకొద్దీ అందులోంచి సన్నని వెండి రేణువులు విడివడి నల్లబడతాయి. పాత ఫొటో ఫిల్మ్ నల్లబడటం వెనకా ఉన్నది వెండి లవణాల ఈ గుణమే. పుల్లతో గీసినప్పుడు ఊదాగా కనబడేది పైరంగు. బడి గేటు దాటి ఎండలోకి వచ్చాక అసలు గుర్తు తేలుతుంది. చర్మం మీద పొర రాలిపోతే పోతుంది, గోటి మీదైతే గోరు పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది. వారాల పాటు.

సిల్వర్ నైట్రేట్‌ను పాతకాలపు వైద్యులు పులిపిర్లు కాల్చడానికి వాడేవారు. రసవాదుల లెక్కలో వెండికి చంద్రుడు అధిపతి కాబట్టి దానికి ‘లూనార్ కాస్టిక్’ అన్న పేరు పడింది, చాంద్ర క్షారమన్నమాట. ‘కాస్టిక్’ అంటే కాల్చేది. ఆ మాట పుట్టింది ‘ఎంకాస్టుమ్’ పుట్టిన గ్రీకు ధాతువు నుంచే. మనం పెన్నులో పోసుకున్న సిరా ఏదీ నిజంగా కాల్చి దించేది కాదు. బంకతో అంటుకునేదో, కాగితం పీల్చుకునేదో. ‘ఇంకు’ అన్న మాట తన మొదటి అర్థానికి నూటికి నూరుపాళ్లు సరిపోయేది ఓటరు వేలి మీదే. రంగు కూడా ఊదాయే, లియో చక్రవర్తి ఎవరినీ ముట్టనివ్వని రంగు.

480 పేర్లు

అప్పట్లో సూర్యాపేట కూడా కలిసున్న నల్లగొండ జిల్లా జనం ఆ వేలితో అడగాల్సింది అడిగారు. 1996 లోక్‌సభ ఎన్నికలో ఈ ఒక్క స్థానానికే 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. దుశర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి పిలుపు మీద ఫ్లోరైడ్ ఊళ్ల జనం నామినేషన్లు వేశారు. పళ్లకు గార పట్టి, వెన్ను వంగి, మోకాళ్లు ముడుచుకుపోయిన మనుషులు ఉన్న జిల్లా ఇది. బావినీళ్లే వాళ్లను అలా చేశాయి. కృష్ణ నీళ్లు ఇవ్వండని ఏళ్ల తరబడి అడిగీ అడిగీ, చివరికి బ్యాలెట్‌నే అర్జీ కాగితం చేశారు. పేర్లన్నీ పట్టించాలంటే బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చువేయాల్సి వచ్చింది. పోలింగ్ వాయిదా పడింది. దేశమంతా నల్లగొండ వైపు చూసింది. గెలిచింది సూర్యాపేట ధర్మభిక్షమే, సీపీఐ నుంచి. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. పేదవాడు అభ్యర్థి కావడం కష్టమైంది. అది సబబని నేను అనుకోను. నీళ్లు అడిగిన పద్ధతికి జవాబు నీళ్లు కావాలి, డిపాజిట్ కాదు. 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు పెరిగిన డిపాజిట్ కట్టి మరీ నిలిచారు, బరిలో 185 మంది.

ఇప్పుడు లోక్‌సభకు, శాసనసభకు మీట నొక్కుతున్నాం. పంచాయతీ ఎన్నికల్లో బ్యాలెట్ కాగితం, స్వస్తిక్ ముద్ర, ఊదా దిండు ఇంకా ఉన్నాయి. పట్టాలు కంప్యూటర్లోకి వెళ్లాయి, వేలిముద్రలు గాజుపలక మీదకు మారాయి. సిరా కచేరీల నుంచి దాదాపుగా పోయింది. చూపుడువేలి మీద గీత మాత్రం అలాగే ఉంది.

ఆ గీత ఎవరికి, ఎక్కడ పెట్టాలో 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో రాసి ఉంది. లియో శాసనం సిరాను ఎవరెవరికి అందనివ్వకూడదో చెప్పింది. ఈ నియమం ఎవ్వరూ తప్పిపోకుండా చూస్తుంది. ఎడమచేతి చూపుడువేలు లేకపోతే ఆ చేతికున్న మరో వేలికి పెట్టాలి. ఎడమచేతికి వేళ్లే లేకపోతే కుడిచేతి చూపుడువేలికి, అదీ లేకపోతే ఆ చేతి మరో వేలికి. రెండు చేతులకూ వేళ్లు లేని ఓటరు వస్తే, ఎడమదో కుడిదో, అతనికి మిగిలిన చేతి కొన ఎంతవరకు ఉంటే అక్కడ పెట్టాలి.